విమానం కడిగి ఒక్క టేప్ ముక్క తీయడం మర్చిపోతే? చిన్న విమానాల క్లీనింగ్ వెనుక ఇంత కథ ఉందా!

పొద్దున్నే ఆరింటికి చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ గల్లీల్లో ఏ అపార్ట్‌మెంట్ ముందు చూసినా ఒకటే సీన్. వాచ్‌మన్ చేతిలో ప్లాస్టిక్ బకెట్, భుజం మీద పాత బనియన్ గుడ్డ. అరగంటలో నాలుగు కార్లు తళతళ. ఎక్కడైనా చిన్న గీత పడితే ఓనర్ నాలుగు కేకలేస్తాడు, అక్కడితో సరి.

అదే బకెట్, అదే గుడ్డ పట్టుకుని ఒక చిన్న విమానం దగ్గరికి వెళ్తే? హ్యాంగర్ గేటు దగ్గరే ఆపేస్తారు. ఎందుకంటే విమానాన్ని తప్పుగా కడగడం వల్ల మనుషులు చనిపోయారు. ఒకసారి 70 మంది. ఇంకోసారి ఏడుగురు.

ఈ ఏరియాల నుంచి బేగంపేట పాత ఎయిర్‌పోర్ట్‌కి రోడ్డు మీద పది కిలోమీటర్లు కూడా ఉండదు. 1930ల్లో హైదరాబాద్ ఏరో క్లబ్‌తో మొదలైన చోటు అది. 2008 మార్చి 23న ప్యాసింజర్ సర్వీసులన్నీ శంషాబాద్‌కి వెళ్లిపోయినా బేగంపేట మూతపడలేదు. వీఐపీల విమానాలు, మిలటరీ విమానాలు ఇప్పటికీ దిగుతాయి. తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉన్నది కూడా అక్కడే. సిటీ శివార్లలోని నాదర్‌గుల్ ఎయిర్‌స్ట్రిప్ కూడా పైలట్ ట్రైనింగ్‌కి తెలిసిన పేరే. మేడ మీద బట్టలు ఆరేస్తుంటే నెత్తిమీద గుర్రుమంటూ పోయే ఒంటి ఇంజిన్ విమానం సొంత విమానమైనా, ట్రైనింగ్ విమానమైనా దాన్ని శుభ్రం చేసే పద్ధతి మాత్రం ఒకటే.

ఆ రాత్రి లిమాలో ఏం జరిగింది?

1996 అక్టోబర్ 2. పెరూ రాజధాని లిమా నుంచి చిలీలోని శాంటియాగోకి అర్ధరాత్రి దాటాక ఏరోపెరూ 603 విమానం బయలుదేరింది. బోయింగ్ 757. గాల్లోకి లేచిన కాసేపటికే కాక్‌పిట్‌లో మీటర్లన్నీ పిచ్చిపట్టినట్టు తిరగడం మొదలైంది. ఎంత ఎత్తులో ఉన్నారో తెలియదు, ఎంత స్పీడ్‌లో ఉన్నారో తెలియదు. ఒక అలారం స్పీడ్ ఎక్కువైందంటుంది, ఇంకో అలారం స్పీడ్ తగ్గి స్టాల్ అవుతోందంటుంది. కింద పసిఫిక్ సముద్రం, చుట్టూ చీకటి. ఎత్తు ఎంతుందో చెప్పమని పైలట్లు కంట్రోల్ టవర్‌ని అడిగారు. టవర్ చెప్పింది కూడా. కానీ టవర్ స్క్రీన్ మీద కనిపించే ఎత్తు ఆ విమానం పంపిన లెక్కే. విమానానికే తప్పు తెలిస్తే టవర్‌కి మాత్రం ఒప్పు ఎక్కడి నుంచి వస్తుంది? సుమారు అరగంట తర్వాత విమానం సముద్రంలో పడింది. 70 మందిలో ఒక్కరూ బతకలేదు.

కారణం ఒక టేప్. విమానాన్ని కడిగి పాలిష్ చేసేటప్పుడు పొట్ట దగ్గరుండే స్టాటిక్ పోర్టులు అనే చిన్న రంధ్రాల్లోకి నీళ్లు పోకుండా అంటించారు. పని అయ్యాక తీయలేదు. వెండి రంగు బాడీ మీద వెండి రంగు టేప్. చెక్ చేసినవాళ్లకీ కనబడలేదు, బయలుదేరే ముందు చుట్టూ తిరిగి చూసిన పైలట్‌కీ కనబడలేదు.

ఇంతకీ స్టాటిక్ పోర్ట్ అంటే ఏంటి? బయట గాలి ఒత్తిడి ఎంతుందో లోపలి మీటర్లకి చేరవేసే రంధ్రం. పైకి వెళ్లేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి ఆ లెక్కతోనే ఎత్తు తెలుస్తుంది. దీనికి జోడీ పిటాట్ ట్యూబ్. ముందుకు చూస్తూ ఉండే ఈ సన్న గొట్టంలోకి ఎదురుగాలి కొడుతుంది. ఈ రెండు ఒత్తిళ్ల తేడాని బట్టి స్పీడ్ తెలుస్తుంది. ట్రైనింగ్‌లో ఎక్కువగా వాడే సెస్నా 172లో పిటాట్ ట్యూబ్ ఎడమ రెక్క కింద ఉంటుంది. స్టాటిక్ పోర్ట్ బాడీకి ఎడమ పక్కన, ముందు భాగంలో ఉంటుంది. చూస్తే షర్టు గుండీకి ఉండే కన్నం లాంటిది. పైలట్ ప్రాణం ఆ కన్నంలో ఉంటుంది.

ప్రెషర్ వాషర్‌తో ఇంకో ప్రమాదం

టేప్ వేసి మర్చిపోతే ఒక గోల. అసలు మూయకుండా నీళ్లు కొడితే ఇంకో గోల. 2008 నవంబర్ 27న ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాన్ దగ్గర ఎయిర్‌బస్ ఏ320 ఒకటి సముద్రంలో కూలింది. అది టెస్ట్ ఫ్లైట్ కాబట్టి లోపల ఉన్నది ఏడుగురే, ఏడుగురూ పోయారు. మూడు రోజుల ముందు ఆ విమానాన్ని నీళ్లతో కడిగారు. ముక్కు పక్కన ఉండే సెన్సర్లని మూయాలన్న రూల్ పాటించలేదు. లోపలికి చేరిన నీళ్లు పైన చలికి గడ్డకట్టి మూడింట్లో రెండు సెన్సర్లు బిగుసుకుపోయాయి. తక్కువ ఎత్తులో స్పీడ్ బాగా తగ్గించి టెస్ట్ చేస్తుంటే, కాపాడాల్సిన సిస్టమ్ పనిచేయలేదు.

అవి పెద్ద విమానాలు కదా, చిన్నవాటికి ఇంత అవసరమా అనిపించొచ్చు. పెద్ద విమానానికి ఇలాంటి సెన్సర్లు రెండు మూడు సెట్లు ఉంటాయి. చిన్న విమానానికి చాలావరకు పిటాట్ ఒక్కటే. అది పోతే స్పేర్ లేదు.

అందుకే చిన్న విమానానికి ప్రెషర్ వాషర్ అసలు వాడకపోవడమే మేలు. మామూలు పైపు, తక్కువ ధార చాలు. మూయాల్సిన రంధ్రాలకి దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనబడే రంగు టేప్ కానీ, కంపెనీ ఇచ్చే కవర్ కానీ వాడాలి. దానికి ఎర్రటి రిబ్బన్ వేలాడుతూ ఉండాలి. ఎన్ని కవర్లు పెట్టారో ముందే ఒక కాగితం మీద రాసుకుని, తీశాక లెక్క చూసుకోవాలి. ఇంకో విషయం: పిటాట్ ట్యూబ్‌లో దుమ్ము ఉందని నోటితో గట్టిగా ఊదకూడదు. లోపలి స్పీడ్ మీటర్ చాలా నాజూకు, దెబ్బతింటుంది.

రిబ్బన్ ఉన్నా మనిషి మర్చిపోతాడు. 2018 జూలై 18న బ్రిస్బేన్ నుంచి కౌలాలంపూర్ బయలుదేరిన ఓ ఎయిర్‌బస్ ఏ330 పిటాట్ కవర్లు తీయకుండానే టేకాఫ్ అయింది. అదృష్టం బాగుండి వెనక్కి తిరిగి సేఫ్‌గా దిగింది. ఆ ఎయిర్‌పోర్ట్‌లో కవర్లు వేయడానికి కారణం వింటే నవ్వొస్తుంది. కందిరీగలు! మన ఇళ్లల్లో స్విచ్ బోర్డు రంధ్రంలో, తలుపు సందులో మట్టి గూడు కడతాయే, ఆ జాతివే. కానీ ఆ మట్టి గూడు నవ్వులాట కాదు. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లో కూలి 189 మందిని బలిగొన్న బోయింగ్ 757 కేసులోనూ ఒక పిటాట్ ట్యూబ్ మూసుకుపోయింది. కందిరీగ గూడే అయి ఉంటుందని తేల్చారు. ఆ విమానం చాలా రోజులు ఎగరకుండా ఉండిపోయింది.

హైదరాబాద్‌లో కందిరీగలకేం తక్కువ లేదు. రెండు మూడు రోజులు ఆగి ఉండే విమానానికైనా కవర్ వేసి పెట్టడం అందుకే.

సరే, కడగడం ఎలా?

ముందుగా టైమ్. ఎండలో కాలిపోతున్న రేకు మీద సబ్బు నీళ్లు పోస్తే క్షణాల్లో ఆరిపోయి మచ్చలు పడతాయి. హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండల్లో అయితే పొద్దున ఏడింటిలోపే ముగించాలి, లేదా హ్యాంగర్ నీడలో చేయాలి.

తర్వాత నీళ్లు. సిటీలో బోరు నీళ్ల సంగతి గీజర్ కాయిల్ విప్పి చూసినవాళ్లకి తెలుసు. ఆ ఉప్పే విమానం అద్దం మీద, రెక్క మీద తెల్లటి చుక్కలై కూర్చుంటుంది. మంచినీళ్లతో కడిగి, ఆరేలోపే మెత్తటి గుడ్డతో తుడిచేయాలి. సబ్బు కూడా అంతే, ఘాటు లేని లిక్విడ్ సోప్. బట్టల పొడి, ఫ్లోర్ క్లీనర్, బాత్రూమ్ యాసిడ్ లాంటివి దగ్గరికి రానివ్వకూడదు. అల్యూమినియాన్ని అవి తినేస్తాయి. రెక్క రేకు మందం చాలాచోట్ల ఒక మిల్లీమీటర్ కూడా ఉండదు. తినడానికి అక్కడ ఉన్నదే కొంచెం.

కారు కడిగేవాళ్లు పైనుంచి కిందికి వస్తారు. విమానాల దగ్గర చాలామంది కింది నుంచి పైకి సబ్బు పట్టించి, తర్వాత పైనుంచి నీళ్లతో జారుస్తారు. మురికి సబ్బు ఎండిన రేకు మీదుగా కారితే చారలు వదలవు కాబట్టి ఈ పద్ధతి. అసలు మురికంతా ఉండేది పొట్ట కిందే. ఇంజిన్ పొగ, కారిన ఆయిల్, టైర్ చిమ్మిన బురద. ఆ పొగలో సీసం కూడా ఉంటుంది, ఎందుకంటే ఇలాంటి ఇంజిన్లు వాడే ఏవ్‌గ్యాస్ పెట్రోల్‌లో సీసం కలుపుతారు. గ్లౌజులు లేకుండా ఆ నల్లమసి తుడవడం మంచిది కాదు. తుడిచి, చేతులు కడుక్కోకుండా మిర్చిబజ్జీ తినడం అసలే మంచిది కాదు.

పొట్ట అడుగున, రెక్కల వెనుక అంచుల్లో, తోక దగ్గర నీళ్లు కారిపోవడానికి చిన్న చిన్న కన్నాలుంటాయి. అవి మట్టితో పూడుకుపోతే నీళ్లు లోపలే ఉండిపోతాయి. లోపల తుప్పు ఒక నష్టం. తోకలో కదిలే రెక్క లాంటి ఎలివేటర్‌లో నీళ్లు నిలిస్తే దాని బరువు లెక్క మారి, ఎక్కువ స్పీడ్‌లో అది వణికే ప్రమాదం ఇంకో నష్టం.

అద్దం దగ్గరే అందరూ తప్పు చేసేది

ఇంట్లో అద్దాలకి కొట్టే నీలం స్ప్రే, పాత న్యూస్ పేపర్. మన అమ్మమ్మల కాలం నుంచి ఇదే ఫార్ములా. విమానం మీద ఇది పనికిరాదు. ఎందుకంటే అది గాజు కాదు, యాక్రిలిక్ ప్లాస్టిక్. సెస్నా తన హ్యాండ్‌బుక్‌లో పెట్రోల్, బెంజీన్, ఆల్కహాల్, అసిటోన్, థిన్నర్, గ్లాస్ క్లీనర్ వాడొద్దని పేరుపేరునా రాసింది. వాడితే వెంటనే ఏమీ కాదు, అదే మోసం. కొన్నాళ్లకి అద్దం లోపల సన్నని వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. సాయంత్రం సూర్యుడికి ఎదురుగా ల్యాండ్ అవుతుంటే ఆ పగుళ్లన్నీ మెరిసి, రన్‌వే కనబడదు.

పద్ధతి సింపుల్. ముందు చేతికున్న ఉంగరం, వాచ్ తీసేయాలి. ధారాళంగా నీళ్లు పోసి, ఒట్టి చేత్తో మెల్లగా దుమ్ము జారేలా తడమాలి. చేతికైతే ఇసుక రేణువు తగిలితే తెలుస్తుంది, గుడ్డకి తెలియదు. తర్వాత మెత్తటి గుడ్డతో నిలువుగా తుడవాలి, గుండ్రంగా రుద్దకూడదు. గుండ్రటి గీతలు వెలుతురులో వలయాల్లా మెరుస్తాయి. పొడి గుడ్డతో పొడి దుమ్ము తుడవడం అన్నిటికంటే ఘోరం. లోపలున్న డిజిటల్ స్క్రీన్లకీ అమ్మోనియా ఉన్న క్లీనర్లు పడవు, పైనుండే కోటింగ్ లేచిపోతుంది. కళ్లద్దాల కోటింగ్‌కి పడే లిక్విడ్‌ని గుడ్డ మీద వేసుకుని తుడవాలి తప్ప స్క్రీన్ మీద నేరుగా కొట్టకూడదు.

ప్రొపెల్లర్‌తో ఆటలొద్దు

తుడవడానికి ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పాలనిపిస్తుంది. అక్కడే ఆగాలి. ఈ ఇంజిన్లలో స్పార్క్ ఇచ్చే మాగ్నెటోకి బ్యాటరీతో పని లేదు. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా లోపల ఒక వైర్ ఊడి ఉంటే, చేత్తో తిప్పిన ఆ ఒక్క తిప్పుకే ఇంజిన్ అందుకోవచ్చు. తాళం తీసి జేబులో వేసుకున్నాక కూడా, ఇంజిన్ ఎప్పుడైనా స్టార్ట్ కావచ్చు అనుకునే దాని దగ్గర నిలబడాలి. బ్లేడు తిరిగే దారిలో చేయి కానీ తల కానీ పెట్టకూడదు.

బ్లేడు మీద అంటిన పురుగులు, గడ్డి మరకలకి కాస్త ఆయిల్ అద్దిన గుడ్డ చాలు. తుడుస్తుంటే అంచున గోటికి తగిలే నొక్కు కనబడితే ఏఎంఈకి, అంటే లైసెన్స్ ఉన్న మెయింటెనెన్స్ ఇంజనీర్‌కి చెప్పాలి. రాయి తగిలిన చిన్న నొక్కే తర్వాత పగులుగా మారుతుంది. సొంతంగా ఆకురాయి పట్టి గీకడం పని కాదు, నేరం లాంటిది.

గుడ్డకి ఏ రంగు అంటింది?

విమానం కడగడంలో అసలు లాభం మెరుపు కాదు. మురికి పోయిన చోట ఏం కనబడిందన్నదే ముఖ్యం. తెల్ల గుడ్డే వాడమని పాతవాళ్లు చెప్పేది ఇందుకే.

రెక్క కింద నీలి మరక ఉంటే పెట్రోల్ లీకవుతోంది, ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ రంగు నీలం. చక్రం దగ్గర ఎర్రటి తడి ఉంటే బ్రేక్ ఆయిల్. రివెట్ వెనుక తోకచుక్కలా నల్లటి చార ఉంటే ఆ రివెట్ వదులై కదులుతోందని అర్థం. పెయింట్ పొక్కులా లేచినా, కింద తెల్లటి పొడి రాలినా అల్యూమినియం తుప్పు పడుతోంది. ఇనుములా ఎర్రగా రాదు కాబట్టి చాలామంది సున్నం అనుకుని తుడిచేస్తారు. ఎగ్జాస్ట్ గొట్టం జాయింట్ దగ్గర బూడిద రంగు పొడి కనబడితే మాత్రం ఆ రోజు విమానం కదలకూడదు. పొగ బయటికి కాకుండా క్యాబిన్ హీటర్ దారిలో లోపలికి వచ్చే ఛాన్స్ ఉంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

పావురాల సంగతి వేరే చెప్పాలి. మన అపార్ట్‌మెంట్ బాల్కనీలకి నెట్లు కొట్టించుకునే పరిస్థితి ఎందుకొచ్చిందో అందరికీ తెలిసిందే. రెక్క మీద పడ్డ రెట్టలో యాసిడ్ గుణం ఉంటుంది, వదిలేస్తే పెయింట్‌ని తిని రేకు దాకా వెళ్తుంది. ఎండిపోతే గీకకూడదు, తడిగుడ్డ కప్పి నానబెట్టి తీయాలి. ఇంజిన్ ముందు గాలి పోయే సందుల్లో గోరింకలు, పిచ్చుకలు గూడు పెట్టకుండా స్పాంజ్ ప్లగ్గులు పెడతారు. పుల్లలు, పీచు ఇంజిన్ వేడికి అంటుకుంటే గాల్లో మంటలే. ఇక సంక్రాంతి రోజుల్లో గాలిపటాల దారం, ప్లాస్టిక్ కవర్ ముక్కలు చక్రం ఇరుసుకి, కదిలే రెక్కల బంధాలకి చుట్టుకున్నాయేమో చూడాలి.

దసరాకి మనం బండికి చేసినట్టే హ్యాంగర్లలో విమానాలకీ ఆయుధ పూజ చేస్తారు. చేయొచ్చు, తప్పేం లేదు. బొట్టు మాత్రం కన్నాల మీద, అద్దం మీద పెట్టకుండా చూసుకుంటే చాలు. చక్రం కింద నిమ్మకాయ ఓకే, పిటాట్ ట్యూబ్‌కి పూలదండ వద్దు.

వాడకపోతే పాడవుతుంది

సెల్లార్‌లో నెలల తరబడి పడున్న బైక్‌కి వారానికోసారి కిక్ కొట్టి ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచే అలవాటు చాలామందికి ఉంది. విమానం ఇంజిన్‌కి ఇది మందు కాదు, విషం. కింద నిలబెట్టి కాసేపు నడిపితే లోపల తేమ పుడుతుంది కానీ అది ఆవిరైపోయేంత వేడి ఆయిల్‌కి రాదు. తేమ లోపలే ఉండి తుప్పు పట్టిస్తుంది. ఎగరడమే దానికి వ్యాయామం. ఎగరకపోయినా ఆయిల్ మార్చాలి. పూర్తి ఫిల్టర్ ఉన్న ఇంజిన్లకి 50 గంటలు లేదా నాలుగు నెలలు, ఏది ముందైతే అది అంటుంది లైకమింగ్ కంపెనీ. సెస్నా 172లో ఉండేది ఎక్కువగా ఆ కంపెనీ ఇంజినే.

ఆపి పెట్టినప్పుడు తాళ్లతో మూడు చోట్ల కట్టేయాలి, చక్రాలకి అడ్డు పెట్టాలి, స్టీరింగ్‌కి లాక్ వేయాలి. మే నెలలో హైదరాబాద్‌లో సాయంత్రం ఉన్నట్టుండి వచ్చే గాలివాన హోర్డింగ్‌నే పడేస్తుంది. టన్ను బరువు లేని విమానం ఎంత?

ఇది ఉద్యోగం కూడా

అశోక్‌నగర్ అనగానే గ్రూప్స్ కోచింగ్, సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర పొద్దున్నుంచి రాత్రి దాకా చదివే కుర్రాళ్లు గుర్తొస్తారు. వాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఒక్క ముక్క. ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసినవాళ్లు డీజీసీఏ గుర్తింపు ఉన్న ఇన్‌స్టిట్యూట్‌లో చేరి ఏఎంఈ అవ్వొచ్చు. బీ1 అంటే ఇంజిన్, బాడీ పనులు. బీ2 అంటే ఎలక్ట్రానిక్స్. మాడ్యూల్ పరీక్షలు పాసవ్వాలి, ప్రాక్టికల్ అనుభవం చూపించాలి, అప్పుడే లైసెన్స్. చేరే ముందు ఆ ఇన్‌స్టిట్యూట్ పేరు డీజీసీఏ లిస్టులో ఉందో లేదో చూసుకోవడం తప్పనిసరి. 2024 జనవరిలో బేగంపేటలో జరిగిన వింగ్స్ ఇండియా షోలో విమానాలతో సెల్ఫీలు దిగినవాళ్లు చాలామందే. వాటిని అలా మెరిసేలా పెట్టేవాళ్ల దారి ఇది.

కడిగాక చివరి పని

నీళ్లు ఆరాయి, విమానం మెరుస్తోంది. ఇప్పుడు కవర్లు, టేపులు ఒక్కొక్కటీ తీసి కాగితంలో రాసుకున్న లెక్కతో సరిపోల్చాలి. బంధాలకి, బేరింగులకి పాత గ్రీజ్ కొట్టుకుపోయి ఉంటే మళ్లీ పెట్టించాలి. ముందు చక్రం పైనుండే మెరిసే స్టీల్ కాడని హైడ్రాలిక్ ఆయిల్ అద్దిన గుడ్డతో తుడవాలి, లేకపోతే ఇసుక లోపలి సీల్‌ని కోసేస్తుంది. రెక్క మీద ట్యాంకు మూతల సందులోంచి నీళ్లు దిగి ఉండొచ్చు కాబట్టి పెట్రోల్ శాంపిల్ తీయాలి. కొత్త 172 మోడళ్లలో ఇలా తీయాల్సిన చోట్లు 13. నీళ్లు పెట్రోల్ కంటే బరువు కాబట్టి గ్లాసు అడుగున రంగు లేని బుడగలా కూర్చుంటాయి. శాంపిల్ మొత్తం ఒకే రంగులో ఉందని సంబరపడకూడదు. అది నీలంగా ఉందా లేదా అని కూడా చూడాలి. గ్లాసంతా నీళ్లే వస్తే అదీ ఒకే రంగులో ఉంటుంది.

ఇంకొకటి మిగిలింది. ఎడమ రెక్క ముందు అంచున స్టాల్ వార్నింగ్ కన్నం ఉంటుంది. విమానం పడిపోయేంత స్లో అయితే లోపలి నుంచి పీపీ ఊదినట్టు శబ్దం వస్తుంది. కడిగాక అది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి కంప్యూటర్ ఏమీ అక్కర్లేదు. శుభ్రమైన జేబురుమాలు ఆ కన్నం మీద వేసి, నోరు పెట్టి గాలి లోపలికి పీల్చాలి. కీచుమని మోగితే ఓకే. లక్షలు పోసి కొన్న విమానం రెక్కని ముద్దు పెట్టుకుంటున్నట్టు కనిపించే ఆ పైలట్‌ని చూసి నవ్వొద్దు. ఆ టెస్ట్ సెస్నా హ్యాండ్‌బుక్‌లో ఉన్నదే.